ఒకే గిన్నె వంటతో ఇంటిల్లిపాదికీ ఉప్పు, చక్కెర తగ్గించడం ఎలా

ఇంట్లో ఒకరికి బీపీ గోళీ మొదలైతే చాలా ఇళ్లలో జరిగేది ఇదే. నాన్నకో అత్తమ్మకో విడిగా చప్పటి కూర, మిగతావాళ్లకు మామూలు కూర. పది రోజులు తిరక్కుండానే ఆ చప్పటి కూర పక్కకు మామిడికాయ తొక్కు చేరుతుంది. నెల దాటేసరికి విడి వంటే ఆగిపోతుంది. వండేవాళ్లకు రెండు గిన్నెల చాకిరీ, తినేవాళ్లకు తమను పక్కన కూర్చోబెట్టిన బాధ. ఇలాంటి ఏర్పాటు ఎన్నాళ్లు నిలుస్తుంది?

అందుకే ఎవరికీ విడిగా వండొద్దు. అందరూ తినే గిన్నెలోనే, నాలుక పసిగట్టనంత నెమ్మదిగా ఉప్పు తగ్గించాలి. చక్కెరను కూడా అదే లెక్కలో పెట్టాలి. బీపీకి ఉప్పు మానాలి, షుగర్‌కు చక్కెర మానాలి అని మనం రెంటినీ వేరు చేసి చూస్తాం, కానీ తీపి ఎక్కువైనా బీపీ పెరుగుతుంది. కూరలో ఉప్పు మానేసి రోజుకు ఐదు చాయ్‌లు తాగే బీపీ పేషెంట్లు వరంగల్‌లో వాడకు పది మంది దొరుకుతారు.

కిడ్నీ జబ్బు, గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు మాత్రం తమ డాక్టర్ చెప్పిన లెక్కే పాటించాలి. మిగతా ఇళ్లన్నిటికీ ఈ పద్ధతి పనికొస్తుంది.

ముందు బీపీ సరిగ్గా చూసుకోండి

ఉప్పు తగ్గించక ముందు మీ బీపీ ఎంతో తెలియకపోతే, తగ్గించాక ఏం మారిందో తెలియదు. మెట్లెక్కి వచ్చి, ఆయాసం తీరకముందే చేయి చాపితే వచ్చే అంకె నమ్మదగింది కాదు. కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేలకు తాకించి, 5 నిమిషాలు మాట్లాడకుండా కూర్చోండి. అంతకు ముందు అరగంటలో చాయ్, బీడీ, సిగరెట్ ఉండకూడదు. మూత్రం ఆపుకుని కూర్చున్నా అంకె పెరుగుతుంది. చేయి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. ఒకటి రెండు నిమిషాల తేడాతో రెండుసార్లు చూడండి. పొద్దున గోళీ వేసుకోక ముందు, మళ్లీ సాయంత్రం, ఇలా 7 రోజులు చూసి రాసుకోండి. మొదటి రోజు అంకెలు వదిలేసి మిగతా వాటి సగటు తీయండి. దవాఖానలో 140/90 దాటితే ఎక్కువ అంటారు, ఇంట్లో అయితే 135/85 దాటితేనే ఎక్కువ కింద లెక్క.

మిషన్ కొనేటట్లయితే మణికట్టుకు కట్టేది వద్దు, జబ్బకు పట్టీ చుట్టేది తీసుకోండి. కొనలేకపోతే పల్లె దవాఖానలో, బస్తీ దవాఖానలో, ఆరోగ్య ఉపకేంద్రంలో చూస్తారు. 30 ఏళ్లు దాటిన వాళ్లందరికీ బీపీ, షుగర్ పరీక్షలు చేయడం ప్రభుత్వ కార్యక్రమంలో భాగమే కాబట్టి మొహమాట పడనక్కర్లేదు.

ఉప్పు ప్యాకెట్ మీద తేదీ రాయండి

దీనికి పెన్ను చాలు. కొత్త ప్యాకెట్ విప్పిన రోజు దాని మీద తేదీ వేయండి, అయిపోయిన రోజు మళ్లీ చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు చెప్పే హద్దు రోజుకు 5 గ్రాముల లోపు, అంటే తలకొట్టిన చిన్న చెంచాకు మించకుండా. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ సలహా కూడా దాదాపు అదే. నలుగురు పెద్దవాళ్లున్న ఇంట్లో రోజుకు 20 గ్రాములు అనుకుంటే కిలో ప్యాకెట్ 50 రోజులు రావాలి. మీ ఇంట్లో అది 30 రోజులకే అయిపోతే మనిషికి 8 గ్రాములు దాటినట్టు. అదీ వంటింటి ఉప్పు ఒక్కటే. తొక్కు, అప్పడం, బయటి టిఫిన్, బిస్కెట్ల ఉప్పు ఇందులో లేదు. ఆ వాటా కూడా పోను చూస్తే మన ప్యాకెట్ 50 కాదు, 70 రోజులైనా రావాలి. ఎండాకాలంలో తొక్కులకు వాడిన ఉప్పును ఇక్కడ కలపకండి, అది తిన్నప్పుడు లెక్కకొస్తుంది.

చక్కెర డబ్బాకూ, బెల్లానికీ ఇదే పని చేయండి. రోజుకు 2000 క్యాలరీలు తినే మనిషికి బయట నుంచి కలిపే తీపి 50 గ్రాములు దాటకూడదని, 25 గ్రాముల లోపైతే ఇంకా మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. తేనె, పండ్ల రసం కూడా ఈ లెక్కలోవే. పండు పండుగా తింటే ఇందులోకి రాదు. నలుగురికి నెలకు 2 కిలోల చక్కెర పడితే మనిషికి రోజుకు దాదాపు 17 గ్రాములు. బాగానే ఉందే అనిపిస్తుంది. చాయ్‌లోకి బిస్కెట్, వారానికో కూల్ డ్రింక్, పక్కింటి పుట్టినరోజు కేకు కలిపితే ఆ సంతోషం పోతుంది.

ఒంట్లో ఏం జరుగుతోంది

మామిడి ముక్కలకు ఉప్పు కలిపి మూత పెడితే పొద్దుటికి నీరు ఊరుతుంది కదా, ఉప్పు ఎక్కడుంటే నీరు అక్కడికి చేరుతుంది. రక్తంలో సోడియం పెరిగితే ఒళ్లు నీటిని పట్టి ఉంచుకుంటుంది, దాహమూ వేస్తుంది. నాళాల్లో పారే రక్తం పరిమాణం పెరుగుతుంది, గుండె ఎక్కువ బలంతో తోయాలి. ఆరోగ్యంగా ఉన్న కిడ్నీలు ఎక్కువైన సోడియాన్ని మూత్రంలో పంపేస్తాయి. వయసు మీద పడినవాళ్లలో, షుగర్ ఉన్నవాళ్లలో, కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లలో ఈ పని మందగిస్తుంది. అప్పుడు అదే ఉప్పును బయటికి పంపడానికి కిడ్నీలకు ఎక్కువ ఒత్తిడి కావాల్సి వస్తుంది, ఆ ఒత్తిడే బీపీ. ఒకే పప్పుచారు తిన్న ఇద్దరిలో ఒకరికి బీపీ పెరిగి ఇంకొకరికి పెరగకపోవడానికి చాలావరకు కారణం ఇదే.

చక్కెర దారి వేరు, చేరే చోటు మాత్రం ఒకటే. చక్కెరలో సగం గ్లూకోజ్, సగం ఫ్రక్టోజ్. గ్లూకోజ్ కోసం ఇన్సులిన్ పెరుగుతుంది. ఇన్సులిన్ ఎప్పుడూ ఎక్కువగా ఉంటే కిడ్నీలు సోడియాన్ని వదలకుండా పట్టుకుంటాయి. ఫ్రక్టోజ్ ఎక్కువ భాగం కాలేయానికి వెళ్తుంది. అవసరానికి మించి వస్తే అక్కడ కొవ్వుగా మారుతుంది, ఈ క్రమంలో యూరిక్ యాసిడ్ కూడా పుడుతుంది. రక్తనాళాల లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును వదిలి నాళాన్ని సడలిస్తూ ఉంటుంది. ఉప్పు ఎక్కువైనా, యూరిక్ యాసిడ్ ఎక్కువైనా ఆ పని దెబ్బతింటుంది.

ఇక ఇన్‌ఫ్లమేషన్. ముల్లు గుచ్చుకున్న చోట ఎర్రబడి ఉబ్బడం మనకు తెలిసిందే, అది నాలుగు రోజుల్లో తగ్గిపోతుంది. ఇక్కడ మాట్లాడేది నొప్పి, జ్వరం ఏమీ లేకుండా ఏళ్ల తరబడి లోపల సాగే రకం గురించి. పొట్ట చుట్టూ, కాలేయంలో చేరిన కొవ్వు రక్తంలోకి మంట పుట్టించే రసాయనాలను వదులుతుంది. వాటికి స్పందించి కాలేయం సీఆర్‌పీ అనే ప్రొటీన్‌ను తయారు చేస్తుంది. నాళాల గోడలు గట్టిపడటానికి ఇవన్నీ తోడవుతాయి. తీపి ఈ పనిని ముఖ్యంగా బరువు ద్వారా, కాలేయపు కొవ్వు ద్వారా చేస్తుంది. ఉప్పు సంగతి ఇంకా పూర్తిగా తేలలేదు. ఉప్పు ఎక్కువైతే టీహెచ్17 అనే రోగనిరోధక కణాలు రెచ్చిపోతాయని 2013లో రెండు పరిశోధక బృందాలు ప్రయోగశాలలోనూ, ఎలుకల్లోనూ చూపించాయి. మనుషుల్లో అది ఏ మేరకన్నది ఇంకా పరిశోధనలోనే ఉంది. ఉప్పుకూ బీపీకీ ఉన్న సంబంధం మాత్రం ఎప్పుడో రుజువైంది.

డబ్బు పెట్టి సీఆర్‌పీ పరీక్ష చేయించుకోవాలా అంటే, డాక్టర్ అడగనంతవరకు అక్కర్లేదు. జలుబు చేసినా ఆ అంకె పెరుగుతుంది. ఆ డబ్బుతో బీపీ మిషన్ కొనుక్కోవడం మేలు.

గిన్నెలో ఉప్పు తగ్గించే తీరు

ఇప్పుడు వేసే దాంట్లోంచి ఒక్కసారే సగం తీసేస్తే ఇల్లంతా తిరగబడుతుంది. పొద్దున్నే ఆ రోజు వంటకంతా కావాల్సిన ఉప్పును ఒక చిన్న డబ్బాలోకి తీసుకోండి. మొదటి వారం మామూలుగా ఎంత వాడుతున్నారో అంతే. రెండో వారం నుంచి అందులో పదో వంతు తగ్గించండి. రెండు వారాలకోసారి మళ్లీ పదో వంతు. ఇలా నాలుగుసార్లు తగ్గిస్తే రెండు నెలల్లో మూడో వంతు ఉప్పు పోతుంది, భోజనం దగ్గర గొడవ జరగదు. నాలుక కొత్త రుచికి అలవాటు పడటానికి కొన్ని వారాలు పడుతుంది, ఆ తర్వాత పాత కూరే ఉప్పగా అనిపిస్తుంది.

చెయ్యి కొలత వదిలేయండి. చిటికెడు అన్నది మనిషి మనిషికీ మారుతుంది. దొడ్డు ఉప్పు చెంచా, సన్న ఉప్పు చెంచా ఒకే బరువు తూగవు, గళ్ల మధ్య ఖాళీ వల్ల దొడ్డు ఉప్పు తక్కువ తూగుతుంది. కాబట్టి ఒక రకానికే, ఒక చెంచాకే కట్టుబడండి. విడిగా అమ్మే దొడ్డు ఉప్పులో అయోడిన్ ఉండకపోవచ్చు. తగ్గించి వాడినా అయోడిన్ ఉన్న ప్యాకెట్ ఉప్పే వాడండి.

కూర ఉడికేటప్పుడు కాకుండా దించే ముందు ఉప్పు వేస్తే తక్కువతోనే నాలుకకు తెలుస్తుంది. పులుపు ముందు వేసి రుచి చూసి, ఆ తర్వాతే ఉప్పు వేయండి. పుంటికూర పప్పులో ఇది వెంటనే తెలుస్తుంది, ఆ పులుపుకు సగం ఉప్పు చాలు. పచ్చిపులుసులో ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, కొత్తిమీర, వేయించిన నువ్వుల పొడి అన్నీ పడ్డాక రుచి చూడండి. చింతపండు పిసికేటప్పుడే గుప్పెట్లోంచి ఉప్పు వేసే అలవాటు పోవాలి, ఎందుకంటే ఎంత పడిందో అప్పుడు ఎవరికీ తెలియదు. ఎల్లిగడ్డ, జీలకర్ర, ధనియాల పొడి, కరివేపాకు ధారాళంగా వాడుకోవచ్చు. అల్లం ఎల్లిగడ్డ పేస్టు బయట కొంటే అందులో ఉప్పు ఉంటుంది, ఇంట్లో దంచుకోండి.

కారం తింటే బీపీ వస్తుందని మన దగ్గర గట్టి నమ్మకం. కారం నేరమేమీ లేదు. వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు వచ్చే మిర్చి కాదు, ఆ మిర్చితో నూరిన తొక్కులో పడే ఉప్పే అసలు కారణం. కడుపులో మంట ఉన్నవాళ్లు మాత్రం ఘాటు తగ్గించుకోవాలి. అలాంటివాళ్లకు 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన మన చపాటా మిర్చి బాగుంటుంది, ఘాటు తక్కువ, రంగు ఎక్కువ.

పాత తిండ్లలో కొన్ని మనకు ముందే దారి చూపించాయి. జొన్న రొట్టె పిండిలో ఉప్పు వేయరు. గట్కలోనూ వేయాల్సిన పని లేదు. అన్నంలో వేసుకునే అలవాటు ఉంటే మానేయండి, చపాతీ పిండిలో వేసేవాళ్లూ మానేయొచ్చు. కూరతో తినేటప్పుడు తేడా తెలియదు. పెరుగన్నంలో ఉప్పు కలిపి, పైన తొక్కు నంజుకుంటే ఒక్క ముద్దకు రెండుసార్లు ఉప్పు పడుతుంది. అందులో మొదటిది తీసేయండి.

తొక్కు, అప్పడం, సకినం

తొక్కు మానేయమని చెప్పే డాక్టర్ మాట మన ఇళ్లలో నడవదు, నడవక్కర్లేదు కూడా. మామిడికాయ తొక్కు బరువులో సుమారు పదో వంతు ఉప్పే ఉంటుంది. 20 గ్రాముల ముద్ద వేసుకుంటే 2 గ్రాముల ఉప్పు, అంటే రోజు హద్దులో నలభై శాతం. రోజుకు ఒక్క పూట, చిన్న చెంచాతో వేసుకోండి. జాడీ భోజనాల దగ్గరికి రాకూడదు, చెంచాతో వడ్డించి లోపల పెట్టేయాలి. ఆ పూట పప్పులో ఉప్పు ఇంకా తగ్గించండి.

ఈ ఎండాకాలం తొక్కు పెట్టేటప్పుడే ఉప్పు సగం వేద్దామని మాత్రం అనుకోవద్దు. తొక్కు పాడవకుండా ఉంచేదే ఆ ఉప్పు, తగ్గిస్తే బూజు పడుతుంది. ఏడాది తొక్కు తక్కువ పెట్టుకుని, మిగతా రోజులకు టమాట, బీరకాయ, దోసకాయలతో అప్పటికప్పుడు రోట్లో నూరే పచ్చళ్లు చేసుకోండి. వాటికి ఉప్పు రుచికే కావాలి, నిల్వకు కాదు.

అప్పడాలు, వడియాలు, చల్ల మిరపకాయలు వారానికోసారికి దించండి. అంగట్లో తెచ్చిన ఎండు చేపల్ని వేడి నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, రెండుసార్లు కడిగి, కూరలో ఉప్పు వేయకుండా వండి చూడండి. చాలాసార్లు వేయాల్సిన పనే పడదు.

సకినాల పిండి కలిపేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. నూనెలో వేగేటప్పుడు పిండిలో నీరు ఎగిరిపోతుంది, ఉప్పు మిగిలిపోతుంది. కాబట్టి పిండి నోట్లో వేసుకుంటే కాస్త చప్పగా ఉన్నప్పుడే సకినం సరిగ్గా వస్తుంది. నువ్వులు, ఓమ రెండు పిడికిళ్లు ఎక్కువ పడితే ఆ లోటు ఎవరికీ కనిపించదు. సంక్రాంతికి చుట్టుపక్కల ఇళ్ల నుంచి వచ్చే సకినాల ఉప్పు మీ చేతిలో ఉండదు, వాటిని నాలుగు రోజులకు సర్దుకుని తినండి. నాలుగు గంటల ఆకలికి బొబ్బర్ల గుడాలో శనగ గుడాలో ఉడకబెట్టి, ఉల్లిగడ్డ, నిమ్మరసం కలిపితే ఏ మిక్చర్ ప్యాకెట్టూ దానికి సాటి రాదు. నాకైతే మక్కజొన్న కంకికి కూడా ఉప్పు కన్నా నిమ్మకాయ ఎక్కువ రుద్దించుకోవడమే ఇష్టం.

చాయ్‌తో మొదలుపెట్టండి

తీపిలో ముందు తగ్గించాల్సింది మిఠాయి కాదు, చాయ్. మిఠాయి పండగకు, చాయ్ పూట పూటకు. తలకొట్టిన చిన్న చెంచా చక్కెర సుమారు 4 గ్రాములు, గోపురంలా తీస్తే 6 గ్రాములైనా ఉంటుంది. అలాంటివి రెండేసి వేసిన కప్పులు రోజుకు మూడైతే 36 గ్రాములు. వారానికి పావు చెంచా చొప్పున తగ్గించండి, అల్లం కొంచెం ఎక్కువ దంచి వేయండి. చాయ్ హోటళ్లలో తీపి గిన్నెలోనే కలిపి ఉంటుంది కాబట్టి తక్కువ వేయమని అడిగినా లాభం లేదు. ఇద్దరు ఒక చాయ్ పంచుకోండి. పక్కన బిస్కెట్ కూడా గుర్తుంచుకోవాలి. ఉస్మానియా బిస్కెట్‌లో తీపీ ఉప్పూ రెండూ ఉంటాయి, దాని రుచి రహస్యమే అది. తియ్యటి బిస్కెట్లు చాలా వాటిలో బరువులో ఐదో వంతు నుంచి నాలుగో వంతు దాకా చక్కెరే.

కూల్ డ్రింక్ సంగతి చెప్పాలంటే, కోలా రకాల్లో 100 మిల్లీలీటర్లకు 10 గ్రాములకు పైగా చక్కెర ఉంటుంది, 250 మిల్లీలీటర్ల సీసా తాగితే రోజు కోటా అయిపోయినట్టే. నమలకుండా తాగే తీపి కడుపు నింపదు, కాలేయానికి ఒక్కసారిగా చేరుతుంది. అందుకే నా లెక్కలో సీసా తీపి లడ్డూ తీపి కన్నా చెడ్డది. చెరకు రసం కూడా అదే కోవ. చక్కెర బదులు కృత్రిమ తీపి బిళ్లలు వేసుకుంటే బరువు తగ్గుతుందని ఆశపడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. షుగర్ జబ్బు ఉన్నవాళ్లకు ఆ సలహా వర్తించదు, వాళ్లు డాక్టర్‌ను అడగాలి.

బెల్లం, సైంధవ లవణం

మేడారంలో సమ్మక్క సారలమ్మలకు సమర్పించే బెల్లాన్ని మనం బంగారం అంటాం. ప్రసాదంగా చిన్న ముక్క నోట్లో వేసుకోవడానికి ఎవరూ అడ్డు చెప్పరు. జాతర నుంచి తెచ్చిన బెల్లాన్ని నెల పొడుగునా చాయ్‌లో వేసుకుని, చక్కెర మానేశామనుకోవడమే తప్పు. బెల్లంలో ఎక్కువ భాగం చక్కెరే. దానిలోని ఇనుము కొద్దిపాటిది, అది కావాలంటే ఆకుకూర తినాలి. తేనె, తాటి బెల్లం కూడా ఇంతే. అరిసెలు, బతుకమ్మ నాటి మలీద ఆ పండగ రోజులకే ఉంచండి.

సైంధవ లవణం గురించి వాట్సాప్‌లో వచ్చేదంతా పక్కన పెట్టండి. గులాబీ రంగులో ఉన్నా అది చాలావరకు సోడియం క్లోరైడే, బీపీకి మామూలు ఉప్పుతో సమానం. పైగా అయోడిన్ ఉండదు, ధర ఎక్కువ.

పప్పు, ఆకుకూరలు, తక్కువ సోడియం ఉప్పు

ఉప్పు తగ్గించడంతో పాటు పొటాషియం పెంచాలి. సోడియాన్ని కిడ్నీలు బయటికి పంపడానికి అది సాయం చేస్తుంది. పప్పులు, పాలకూర, అరటిపండు, కొబ్బరి నీళ్లు, గెనుసుగడ్డ అన్నిట్లో ఉంటుంది. కూరగాయలు ఉడికించిన నీళ్లు పారబోస్తే పొటాషియం కూడా పోతుంది, ఆ నీళ్లతో చారు పెట్టుకోండి.

ఉప్పులో కొంత భాగం సోడియం తీసి పొటాషియం కలిపిన ప్యాకెట్లు సూపర్ మార్కెట్లలో దొరుకుతున్నాయి. చైనాలో 600 పల్లెల్లో దాదాపు 21 వేల మందితో జరిగిన అధ్యయనంలో 75 శాతం మామూలు ఉప్పు, 25 శాతం పొటాషియం క్లోరైడ్ కలిపిన ఉప్పు వాడినవాళ్లకు పక్షవాతం 14 శాతం తగ్గింది. ఆ ఫలితాలు 2021లో వచ్చాయి. ఇంట్లో ఎవరికైనా కిడ్నీ జబ్బు ఉంటే మాత్రం ఈ ఉప్పు కొనకండి. బీపీ గోళీ పేరు చివర ‘సార్టాన్’ అనో ‘ప్రిల్’ అనో ఉంటే, లేదా స్పైరోనోలాక్టోన్ వాడుతుంటే డాక్టర్‌ను అడగకుండా మొదలుపెట్టొద్దు. టెల్మిసార్టాన్ వాడేవాళ్లు మన దగ్గర చాలామంది ఉన్నారు కాబట్టి ఇది గట్టిగా చెప్పాల్సి వస్తోంది. రక్తంలో పొటాషియం మితి మీరితే గుండె లయ తప్పుతుంది.

దుకాణంలో ప్యాకెట్ వెనక చదవండి

ముందువైపు రాసింది వ్యాపారం. వెనకవైపు పట్టికలో సోడియం మిల్లీగ్రాముల్లో ఉంటుంది, దాన్ని రెండున్నరతో గుణిస్తే ఉప్పు ఎంతో వస్తుంది. 100 గ్రాములకు 900 మిల్లీగ్రాముల సోడియం అంటే రెండుంపావు గ్రాముల ఉప్పు. ‘ఒక సర్వింగ్‌కు’ అని రాసిన చిన్న అంకెను చూసి మోసపోకండి, ప్యాకెట్ మొత్తం తినేస్తాం కదా. సరుకుల పేర్లు బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు రాస్తారు. మొదటి మూడు పేర్లలో చక్కెర ఉంటే అది తీపి వస్తువే. గ్లూకోజ్ సిరప్, ఇన్వర్ట్ సిరప్, డెక్స్ట్రోజ్ కూడా చక్కెర చుట్టాలే. ఐఎన్ఎస్ 500 అంటే తినే సోడా, 621 అంటే టేస్టింగ్ సాల్ట్, ఈ రెంటిలోనూ సోడియం ఉంటుంది.

మందుల డబ్బా కూడా తెరిచి చూడండి. గ్యాస్ పట్టిందని నీళ్లలో కలుపుకుని తాగే నురగ పొడుల్లో తినే సోడా ఉంటుంది, రోజూ తాగితే సోడియం బాగానే చేరుతుంది. మోకాళ్ల నొప్పులకు మెడికల్ షాపులో చీటీ లేకుండా కొని వేసుకునే నొప్పి గోళీలు కిడ్నీల్లో ఉప్పును పట్టి ఉంచి బీపీ పెంచుతాయి. నాట్ల కాలంలో బీపీ అదుపు తప్పిందని వచ్చేవాళ్లను డాక్టర్ మొదట అడగాల్సిన ప్రశ్న ఇదేనని నేననుకుంటాను.

ఎండాకాలం లెక్క వేరు

రామగుండం, భూపాలపల్లి ఓపెన్‌కాస్టు బొగ్గు గనుల్లో, పొలాల్లో, అడ్డా మీద ఎండలో పని చేసేవాళ్లకు చెమటలో ఉప్పు పోతుంది. వాళ్లు చల్లలో చిటికెడు ఉప్పు వేసుకుని తాగొచ్చు. ఫ్యాను కింద కూర్చునే మనిషి మే నెల వచ్చిందని ఉప్పు చల్ల తాగాల్సిన అవసరం లేదు.

విరేచనాలు, వడదెబ్బ ఉన్నప్పుడు ఓఆర్ఎస్ కావాలి. అప్పుడు బీపీ ఉందని వెనకాడొద్దు, దవాఖానలో చెప్పి వాడండి. అసలైన ఓఆర్ఎస్‌లో లీటరు నీటికి 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజ్, వాటితో పాటు పొటాషియం, సిట్రేట్ ఉంటాయి. ఆ పేరు తగిలించుకుని డబ్బాల్లో అమ్మిన తియ్యటి పానీయాలు వేరు. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబర్‌లో ఆహార భద్రతా ప్రాధికార సంస్థ ఆ డబ్బాల మీద ఓఆర్ఎస్ అని రాయొద్దని ఆదేశించింది. మెడికల్ షాపులో పొడి ప్యాకెట్ అడిగి తీసుకోండి.

మూత్రం ఎక్కువగా వచ్చే బీపీ గోళీ వాడే పెద్దవాళ్లు ఎండల్లో లేచి నిలబడితే కళ్లు తిరుగుతుంటే బీపీ చూపించుకోవాలి. అప్పుడు గోళీ మోతాదు మార్చాల్సి రావచ్చు.

నాలుగు వారాలకు మళ్లీ చూడండి

ఉప్పు మూడో వంతు తగ్గాక నాలుగు వారాలకు మళ్లీ 7 రోజులు మొదట్లో చూసిన పద్ధతిలోనే బీపీ చూసి రాయండి. ఉప్పు తగ్గిస్తే బీపీ ఎంత తగ్గుతుందో చూడటానికి అమెరికాలో చేసి, 2001లో ప్రచురించిన డాష్ సోడియం అధ్యయనంలో 412 మందికి ఒక్కో ఉప్పు స్థాయి భోజనం 30 రోజుల చొప్పున పెట్టారు. మామూలు అమెరికా భోజనం తినేవాళ్లకు ఉప్పు బాగా తగ్గించగానే పైఅంకె సగటున 6.7 తగ్గింది. ఉప్పు తగ్గించి, కూరగాయలు, పండ్లు, పప్పులు, వెన్న తీసిన పాలు ఎక్కువగా తిన్న బీపీ మనుషులకు దాదాపు 11.5 తగ్గింది. వాళ్లకు వండిపెట్టింది పరిశోధకులు. మన ఇంట్లో మూడో వంతు ఉప్పు తగ్గిస్తే నాలుగైదు పాయింట్లు తగ్గినా సంతోషించాలి. పెద్దగా మారకపోతే తొక్కు చెంచా, నొప్పి గోళీలు, బయటి టిఫిన్, కల్లూ మద్యమూ ఒకసారి మళ్లీ చూసుకోండి. టిఫిన్ సెంటర్లో ఇడ్లీలో ఉప్పు, చట్నీలో ఉప్పు, కారప్పొడిలో ఉప్పు. మద్యం కూడా బీపీ పెంచేదే.

అంకెలు బాగున్నాయని గోళీ మీ అంతట మీరు ఆపొద్దు, సగం విరిచి వేసుకోవద్దు. ఆ కాగితం డాక్టర్‌కు చూపిస్తే మోతాదు తగ్గించాలో లేదో ఆయనే చెబుతారు. ఎప్పుడైనా 180/120 దాటి, దాంతో పాటు ఛాతీ నొప్పి, ఆయాసం, మూతి వంకర, మాట తడబాటు, ఒక పక్క చేయి కాలు పట్టు తప్పడం కనిపిస్తే ఉప్పు లెక్కలు పక్కన పెట్టి 108కి ఫోన్ చేయండి.